ఆటకు టోల్‌గేటుగా మారిన పాఠం

పిల్లలకు చదువు నేర్పుతామని చెప్పుకునే బ్రౌజర్ ఆటల వెబ్‌సైట్లలో ఏదో ఒకటి తెరిచి, గణితం విభాగంలోకి వెళ్లి, ఒక ఆట ఎంచుకుని కాసేపు ఆడితే చాలాసార్లు ఒకే తంతు ఎదురవుతుంది. తెర మీద కారు పరుగెత్తుతుంటుంది, లేదా ఏదో జంతువు గోతుల మీదుగా గెంతుతుంటుంది. ఉన్నట్టుండి అదంతా ఆగిపోయి, మధ్యలో ఒక పెట్టె తెరుచుకుని ‘7 × 8 = ?’ అని అడుగుతుంది. కింద నాలుగు జవాబులు ఉంటాయి. సరైనది నొక్కితే కారు మళ్లీ కదులుతుంది, తప్పు నొక్కితే ఎర్రటి గుర్తొకటి పడి మళ్లీ ప్రయత్నించమంటుంది. ఈ తరహా ఆటలకు ‘సరదాగా గణితం’ అని పేరు పెడతారు గానీ, సరదా అంతా కారులో ఉంది, గణితం అంతా పెట్టెలో ఉంది, ఆ రెండూ ఎక్కడా కలవవు.

కలవవని ఎలా చెప్పగలనంటే, ఆ పెట్టెలోని గుణకారం తీసేసి ఒక దేశపు రాజధాని పేరు అడిగినా, ఒక పదంలోని అక్షరదోషం పట్టుకోమన్నా ఆ కారు అదే దారిలో, అదే వేగంతో పోతుంది. రహదారి మీద టోల్‌గేటు దగ్గర రుసుము కట్టి ముందుకు సాగినట్టు, పిల్లవాడు ఒక లెక్క కట్టి కాస్త ఆట కొనుక్కుంటున్నాడు. రుసుము కట్టేవాడు దాన్ని ఎంత త్వరగా వదిలించుకుందామా అనే చూస్తాడు. అందుకే ఇలాంటి ఆటల ముందు కూర్చున్న పిల్లలు కొన్నాళ్లకు ప్రశ్న చదవడం మానేసి, నాలుగు జవాబులనూ వరసగా నొక్కుకుంటూ పోతారు. చూసే పెద్దలు వాళ్లకు శ్రద్ధ లేదనుకుంటారు. నాకు మాత్రం వాళ్లు ఆ ఆటను దాని నిర్మాణానికి తగ్గట్టుగా, పూర్తి తెలివితో ఆడుతున్నారనిపిస్తుంది.

ఒక ఆట చదువు నేర్పుతుందా లేదా అన్నది అందులో ఎన్ని ప్రశ్నలున్నాయి, ఏ తరగతి పాఠ్యప్రణాళికకు సరిపోతుంది అన్న లెక్కలతో తేలదని నా వాదన. గెలవడానికి పిల్లలు చేసే పనీ, నేర్చుకోవలసిన పనీ ఒకటేనా అన్నది చూడాలి. ఒకటే అయితే అది మంచి ఆట అయ్యే అవకాశం ఉంది. వేర్వేరు అయితే బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా, సంగీతం ఎంత చక్కగా ఉన్నా, అది ప్రశ్నపత్రానికి వేసిన అలంకారమే.

ఇది ఈ తరానికి కొత్తగా తట్టిన ఆలోచనేమీ కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో మొదలైన ప్లేటో అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థలో, ఒక పెద్ద కంప్యూటర్‌కు కలిపిన టెర్మినళ్ల ముందు విద్యార్థులు కూర్చుని పాఠాలు చదివేవారు, ఆటలూ ఆడేవారు. ఏదీ తమ దగ్గర స్థాపించుకోకుండా, దూరాన ఎక్కడో నడిచే ప్రోగ్రామును తెర మీద ఆడుకోవడమే కనుక, నేటి బ్రౌజర్ ఆటలకు పూర్వీకులను అక్కడే వెతకాలి. షారన్ డగ్డేల్, డేవిడ్ కిబ్బీ 1970ల మధ్యలో ఆ వ్యవస్థ మీద భిన్నాలు నేర్పడానికి తయారుచేసిన వాటిలో బాణాల ఆట ఒకటి ఉంది. తెర మీద నిలువుగా ఒక సంఖ్యారేఖ, దానికి అక్కడక్కడా అంటిపెట్టుకున్న బెలూన్లు. బెలూన్ ఏ సంఖ్య దగ్గర ఉందో ఊహించి, ఆ భిన్నాన్ని టైపు చేయాలి. అప్పుడు బాణం ఎగిరివచ్చి, టైపు చేసిన సంఖ్య రేఖ మీద ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ గుచ్చుకుంటుంది. అక్కడ బెలూన్ ఉంటే పేలుతుంది.

ఈ ఆటలో అన్నిటికంటే విలువైన క్షణం బెలూన్ పేలినప్పటిది కాదు, పేలనప్పటిది. మూడు బై నాలుగు అని టైపు చేస్తే బాణం బెలూన్‌కు కొంచెం పైన గుచ్చుకుందనుకోండి. అంటే తాను ఇచ్చిన భిన్నం కాస్త పెద్దది. ఇంకా చిన్నది కావాలి, అయితే సగం కంటే పెద్దదే కావాలి. రెండు బై మూడు ఇస్తే? ఇక్కడ తప్పు చేసిన పిల్లకు ‘తప్పు’ అని ఎవరూ చెప్పలేదు. తన సంఖ్య ఎక్కడ ఉందో, కావలసిన సంఖ్య ఎక్కడ ఉందో, రెండింటి మధ్య దూరం ఎంతో కంటికి కనిపించింది. ఆ దూరాన్ని తగ్గించడానికి ఆమె చేసే ఆలోచనే భిన్నాల పరిమాణాన్ని గ్రహించడం. అదే ప్రశ్నను నాలుగు జవాబుల పెట్టెలో పెడితే, ఎర్ర గుర్తు పడ్డాక మిగిలేవి మూడు జవాబులు, వాటిలో ఒకటి నొక్కాలన్న తొందర. తప్పు అక్కడ శిక్షకు కారణం, ఇక్కడ తర్వాతి అడుగుకు ఆధారం. చదువు నేర్పే ఆటల మీద ఎంత చర్చ జరిగినా, తప్పు జవాబు వచ్చిన తర్వాతి రెండు క్షణాల్లో తెర మీద ఏం జరుగుతుందన్న సంగతి మీద జరగవలసినంత జరగలేదని నాకనిపిస్తుంది. కొన్ని ఆటల్లో మరీ విచిత్రం: తప్పు నొక్కినప్పుడు వచ్చే పేలుడో, బోర్లాపడే బొమ్మో సరైన జవాబుకు వచ్చే చప్పట్లకంటే ఎంతో వినోదంగా ఉంటుంది. ఏ పిల్లలైనా దేన్ని కోరుకుంటారో చెప్పనవసరం లేదు.

థామస్ మలోన్ అనే పరిశోధకుడు 1980 ప్రాంతంలో ఈ బాణాల ఆటనే రకరకాలుగా మార్చి, ఒక్కో అంశాన్ని తీసివేస్తూ, పిల్లలను ఆకట్టుకునేది ఏదో చూశాడు. సవాలు, కల్పన, కుతూహలం అని ఆయన వేసిన విభజన ఇప్పటికీ ఈ రంగంలో వినిపిస్తుంది. ఆటలోని కల్పన నేర్చుకునే నైపుణ్యంతో ముడిపడి ఉండాలని ఆయన అన్నది మాత్రం విభజన వినిపించినంతగా వినిపించదు.

దీన్ని నేరుగా పరీక్షకు పెట్టిన అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ 7 నుంచి 11 ఏళ్ల పిల్లల కోసం భాగహారం మీద తయారుచేసిన ఒక సాహసక్రీడను వాడారు. ఛాతీ మీద సంఖ్యలున్న అస్థిపంజరాలు ఎదురొస్తాయి. ఆ సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్య గల దెబ్బను ఎంచుకుని కొడితేనే శత్రువు పడిపోతాడు. ఇదే ఆటకు మరో రూపం కూడా చేశారు. అందులో పోరాటంలో సంఖ్యలుండవు, అవే భాగహారం లెక్కలు ప్రతి అంకం చివరా ప్రశ్నలుగా వస్తాయి. బొమ్మలు అవే, లెక్కలు అవే, లెక్క ఉన్న చోటు మాత్రమే వేరు. సమానమైన సమయం ఇచ్చినప్పుడు లెక్క పోరాటంలోనే ఉన్న రూపాన్ని ఆడిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. ఇష్టమైనది ఆడుకోమని వదిలేసినప్పుడు ఆ రూపం మీద 7 రెట్లు ఎక్కువ సమయం గడిపారు. నేను ఎక్కువ విలువిచ్చేది ఈ రెండో ఫలితానికే. పాఠాన్ని ఆటలో కలిపితే ఆట చప్పబడిపోతుందని భయపడి దాన్ని పక్కకు నెట్టేవారికి, లెక్క ఉన్న ఆటనే పిల్లలు ఎంచుకున్నారన్నది సూటి సమాధానం.

కంప్యూటర్ ఊసే లేని మరో ఉదాహరణ ఇంకా తేటగా ఉంటుంది. రాబర్ట్ సీగ్లర్, గీతా రామానీ 2008లో ప్రచురించిన పరిశోధనలో, బడికి ఇంకా వెళ్లని పేద కుటుంబాల పిల్లలు 1 నుంచి 10 వరకు గడులు వరసగా ఉన్న ఒక పలక మీద, ముల్లు తిప్పి, ఒకటో రెండో వచ్చినదాన్ని బట్టి పావును జరుపుతూ, దాటిన గడిలోని అంకెను పైకి చదివారు. రెండు వారాల వ్యవధిలో సుమారు 15 నిమిషాల చొప్పున నాలుగు విడతలు ఆడితేనే వాళ్ల సంఖ్యాజ్ఞానం స్పష్టంగా మెరుగుపడింది. అంకెలకు బదులు రంగులున్న పలక మీద ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. బ్యాడ్జీలు లేవు, బాణసంచా లేదు. పావు ఎంత దూరం జరిగిందో, ఎన్నిసార్లు చేయి కదిలిందో, ఎన్ని అంకెలు పలికారో అన్నీ కలిసి ఒకే సంగతిని చెబుతున్నాయి.

ఇంత తెలిసినా టోల్‌గేటు ఆటలే ఎందుకు కుప్పతెప్పలుగా ఉన్నాయి? నా అభిప్రాయంలో కారణం అజ్ఞానం కాదు, ఖర్చు. కారు ఆటను ఒకసారి తయారుచేసుకుంటే, దాని వెనుక ప్రశ్నల జాబితాను మారుస్తూ ఒకటో తరగతి కూడికల నుంచి ఎనిమిదో తరగతి విజ్ఞానశాస్త్రం దాకా వందల ‘ఆటలు’ పుట్టించవచ్చు. బాణాల ఆట భిన్నాలకు, దశాంశాలకు తప్ప దేనికీ పనికిరాదు. కిరణజన్య సంయోగక్రియకు ఆట కావాలంటే మళ్లీ మొదటి నుంచి, ఆ విషయం బాగా తెలిసినవాళ్లు కూర్చుని, అందులో పిల్లలకు అర్థం కానిది సరిగ్గా ఏమిటో కనుక్కుని, దాన్ని చేతితో చేసే పనిగా మార్చాలి. అది నెలల పని. వెబ్‌సైటు నడిపేవారికి ఆటల సంఖ్యే ఆకర్షణ అయినప్పుడు ఆ నెలలు దండగగా కనిపించడం సహజం.

ఇక బహుమతుల విషయం. టోల్‌గేటు ఆటలకు నాణేలు, నక్షత్రాలు, వరస తెగకుండా రోజూ రావాలన్న లెక్కలు తప్పనిసరి, ఎందుకంటే పాఠానికి తనంతట తాను నిలబడే చోటు అక్కడ లేదు. మార్క్ లెపర్, అతని సహచరులు 1973లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో, బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత బహుమతి మాట లేకుండా వదిలేసినప్పుడు, ఆ పిల్లలు బొమ్మల మీద గడిపిన సమయం మిగతావారితో పోలిస్తే దాదాపు సగమే. ముందు చెప్పకుండా బహుమతి అందుకున్నవారిలో ఆ తరుగుదల లేదు. ఈ ఒక్క ప్రయోగంతో బహుమతులన్నీ చెడ్డవని నేను తీర్పు చెప్పను. ఇష్టం లేని పని మొదలుపెట్టించడానికి చిన్న ఆశ చూపడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కానీ ఇష్టంగా చేసే పనికి కూలీ కట్టడం మొదలుపెడితే, కూలీ ఆగిననాడు పని కూడా ఆగవచ్చునని గుర్తుంచుకోవాలి.

బహుమతులే వ్యాపారమైనప్పుడు ఏమవుతుందో చూపే ఉదాహరణ కూడా ఉంది. కెనడాలో మొదలై ఎన్నో బడుల్లోకి చేరిన ప్రాడిజీ అనే గణిత క్రీడ మీద, బాలల హక్కుల కోసం పనిచేసే ఒక అమెరికా సంస్థ 2021 ఫిబ్రవరిలో వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. బడిలో ఉచితంగా అలవాటు చేసి, ఇంట్లో ఆడేటప్పుడు డబ్బు కట్టి సభ్యత్వం తీసుకొమ్మని పిల్లలను పదేపదే ప్రేరేపిస్తోందన్నది ఆరోపణ. విద్యకు సంబంధించినదంతా ఉచితమేనని ఆ కంపెనీ మొదటి నుంచీ చెబుతోంది. ఆ మాటను నేను అలాగే అంగీకరిస్తాను, నా వాదనకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు కూడా. అమ్ముడుపోయేవి ఆటలోని పెంపుడు జంతువులూ దుస్తులూ అయి, లెక్కలన్నీ ఉచితమైతే, ఆటకూ లెక్కలకూ మధ్య గోడ ఉందని ధరల పట్టికే ఒప్పుకుంటున్నట్టు కదా.

ఇక్కడ ఎదురు వచ్చే అభ్యంతరం ఒకటి న్యాయమైనదే. ఎక్కాలు, అక్షరాల గుర్తింపు, వర్ణక్రమం వంటివి పదేపదే చేస్తేనే వస్తాయి, అందులో కనిపెట్టవలసిన గొప్ప భావన ఏమీ లేదు, అలాంటప్పుడు కారు బొమ్మ వెనుక నాలుగు లెక్కలు చేయిస్తే తప్పేమిటని అడగవచ్చు. తప్పు లేదు. అభ్యాసానికి అభ్యాసమని పేరు పెట్టి, ఐదు నిమిషాల్లో ముప్పై లెక్కలు చేయించి, ఏవి తప్పుతున్నాయో గుర్తుపెట్టుకుని వాటినే మళ్లీ అడిగే సాదా పేజీ ఒకటి ఉంటే నేను సంతోషంగా వాడతాను. టోల్‌గేటు ఆటల మీద నా ఫిర్యాదు అవి అభ్యాసం చేయిస్తున్నాయని కాదు, ఆ పనిని కూడా సరిగ్గా చేయవని. కారు పరుగు, నాణేల లెక్కింపు, ప్రకటన మధ్యలోంచి ఐదు నిమిషాల్లో బయటపడే లెక్కలు వేళ్ల మీద లెక్కించగలిగినన్ని మాత్రమే. దానికి తోడు గడియారం. నింపాదిగా ఆలోచించి సరైన జవాబు చెప్పే పిల్లలను తెలియనివాళ్లతో సమానంగా ఓడించే ఆ గడియారం ఎవరికి మేలు చేస్తుందో నాకు ఇంతవరకు బోధపడలేదు.

మంచి ఆటలు మునుపు లేవనీ, ఇప్పుడు లేవనీ నేను అనడం లేదు. మునుపటివి చాలావరకు పోయాయి. 2000 తర్వాత దాదాపు రెండు దశాబ్దాల పాటు బ్రౌజర్ ఆటలంటే ఫ్లాష్ అనే ప్రోగ్రాము సాయంతో నడిచే ఆటలే. ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉబలాటం కొద్దీ ప్రోగ్రాములు రాసేవారు ఒక్కో విషయానికి ఒక్కో విచిత్రమైన, చేత్తో మలిచిన చిన్న ఆట చేసి పెట్టేవారు. ఫ్లాష్‌ను ఆపేస్తామని అడోబీ 2017 జూలైలో ప్రకటించింది, 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ ఫ్లాష్ ఆటలను నడపడమే మానేసింది. భద్రతాలోపాల దృష్ట్యా ఆ నిర్ణయం సబబే. అయితే దాని దెబ్బ అందరికీ సమానంగా తగలలేదు. ప్రశ్నల జాబితా మీద నడిచే వ్యాపార ఆటలకు పైపొర మార్చుకుంటే సరిపోయింది, జాబితా అలాగే ఉంది. ఆటలోనే పాఠమున్న వాటిని మళ్లీ మొత్తంగా రాయాలి, రాసినవాళ్లేమో అప్పటికే వేరే పనుల్లో ఉన్నారు. ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద భద్రపరిచే ప్రయత్నం, బ్రౌజర్‌లోనే ఫ్లాష్‌ను అనుకరించే రఫుల్ అనే ప్రోగ్రాము, ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులో మొదలుపెట్టిన సేకరణ కొన్నిటిని కాపాడాయి. దాచిన చోట వెతికి ఆడుకోగలిగేది మాత్రం పెద్దలే, పిల్లలు కాదు.

నిధులున్నవి నిలబడ్డాయి. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ నమూనాలు, అంటే తెర మీదే ప్రయోగాలు చేసి చూసే ప్రోగ్రాములు, మొదట జావాలో, ఫ్లాష్‌లో ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా, బ్రౌజర్ నేరుగా నడపగల హెచ్‌టీఎంఎల్5లో తిరగరాశారు. వాటిలో విద్యుద్వలయం నిర్మించే నమూనా ఉంది. బ్యాటరీ రెండు కొసలనూ తీగతో నేరుగా కలిపేస్తే ఎర్ర గుర్తు రాదు, మంట లేస్తుంది. ఎవరూ ఏమీ అడగరు, మార్కులు వేయరు. కచ్చితంగా చెప్పాలంటే ఇది ఆట కూడా కాదు, కానీ పిల్లలు దీన్ని ఆటలాగే వాడతారు: మొదట మంట పెట్టడానికి, తర్వాత మంట రాకుండా దీపం వెలిగించడానికి. పైగా ఆ నమూనాలను ఎన్నో భాషల్లోకి అనువదించారు, ఇది చిన్న సంగతి కాదు. సూచనలు చదవలేని భాషలో ఉంటే మంచి ఆట కూడా ఊహించి నొక్కే ఆటే అవుతుంది.

ప్రకటనల గురించి, పిల్లల సమాచారం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అక్కడ వాదించవలసిన రెండో పక్షమే లేదు. అమెరికాలో 1998లో చేసి 2000లో అమల్లోకి తెచ్చిన చట్టం 13 ఏళ్లలోపు పిల్లల వ్యక్తిగత సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఆన్‌లైన్ సేవలకు బ్రిటన్‌లో ఉన్న నియమావళి పిల్లల మేలునే మొదటి ప్రమాణంగా పెట్టింది. చట్టం ఎక్కడ ఎలా ఉన్నా, కూడికలు చేయడానికి పుట్టినతేదీ, ఈమెయిలు అడిగే సైటును ఆ పేజీ దగ్గరే మూసేయడం నా పద్ధతి. ‘ఆడు’ అనే బొత్తాం పక్కనే అచ్చం అలాగే కనిపించే ప్రకటన పెట్టే సైట్లది మరో మోసం. అక్షరాలు కూడబలుక్కునే వయసువాళ్లకు ఆ తేడా తెలియదని పెట్టినవారికి తెలుసు.

కాబట్టి ఒక ఆటను పిల్లలకు ఇచ్చేముందు పెద్దలు దాన్ని తామే ఆడి చూడాలి, అదీ కావాలని తప్పుగా. ప్రశ్న చదవకుండా గుడ్డిగా నొక్కుతూ ఎంత దూరం పోగలరో చూడండి. రెండో స్థాయికి చేరిపోతే ఇక ఆ ఆటతో పని లేదు. తప్పు జవాబు ఇచ్చినప్పుడు, ఎందుకు తప్పో తెర మీద కనిపించిందా? ఆ విషయం స్థానంలో మరో విషయం పెట్టినా ఆట ఇలాగే నడుస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకోవడానికి సైటు ముఖపత్రం మీద ఉన్న పొగడ్తలు, ‘నిపుణులు ఆమోదించినది’ వంటి ముద్రలు ఏమీ ఉపయోగపడవు. చాలా ఆటలు ఇక్కడే రాలిపోతాయి. మిగిలినవి కొద్దిగానే ఉంటాయి, కానీ ఒక పిల్లకు ఏడాదికి కావలసిన మంచి ఆటలు కూడా కొద్దే.

వెతికి వెతికి ఏదీ దొరకనప్పుడు మరో దారి ఉంది, పిల్లలనే ఆట తయారుచేయమనడం. సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోర్‌జీగ్ 1967లో పిల్లల కోసం తెచ్చిన లోగో అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి 2007లో ఎంఐటీ నుంచి వెలువడిన స్క్రాచ్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష దాకా ఈ ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. స్క్రాచ్ కూడా 2019లో ఫ్లాష్‌ను వదిలి, ఏమీ స్థాపించుకోనవసరం లేకుండా బ్రౌజర్‌లోనే నడుస్తోంది. పాపర్ట్ బృందంలో ఇడిట్ హారెల్, 1980ల చివర్లో, నాలుగో తరగతి పిల్లల చేత లోగోలో భిన్నాలు నేర్పే ప్రోగ్రాములు రాయించింది, అలా రాసిన పిల్లలు మామూలుగా చదివినవారికంటే భిన్నాలు బాగా నేర్చుకున్నారు. అదే దారిలో తర్వాత యాస్మిన్ కఫాయ్, చిన్న తరగతుల వారికి భిన్నాలు నేర్పే ఆటలను నాలుగో తరగతి పిల్లల చేతే చేయించింది. వాళ్లు చేసిన ఆటల్లో ఎక్కువభాగం ఎలా ఉన్నాయంటే, ఒక సాహసయాత్ర, దారిలో ఒక అడ్డంకి, అక్కడ భిన్నాల మీద ఒక ప్రశ్న, జవాబు చెబితే ముందుకు. పెద్దలు చేసే టోల్‌గేటునే వాళ్లూ కట్టారు, ఎందుకంటే చదువు నేర్పే ఆట అంటే అదేనని వాళ్లకు చూపించింది మనమే. అయితే ఆ గేటు దగ్గర ఏ భిన్నం అడగాలి, ఏ తప్పు జవాబులు పెడితే చిన్నవాళ్లు పొరబడతారు, ఆ భిన్నాన్ని బొమ్మలో ఎలా చూపాలి అని నెలల తరబడి తలపట్టుకున్నది ఆడినవాళ్లు కాదు, కట్టినవాళ్లు.